నాచారం కూజా, గోదావరి నీళ్ళు

మా అమ్మ గోదావరిని మొదటిసారి నిద్రలో దాటింది. తెల్లవారుజామున రాజమండ్రి వంతెన మీద బండి దడదడలాడుతూ పోతుంటే నేనే ఆమె భుజం తట్టి లేపబోయాను. కళ్ళు కూడా తెరవలేదు. ఒళ్ళో పెట్టుకున్న మట్టి కూజాను ఇంకాస్త దగ్గరికి లాక్కుని, చప్పుడు చేయకుండా కూర్చోమంది. ఎదుటి బల్ల మీది ముసలాయన నన్ను చూసి నవ్వాడు. ఆ కూజాలో ఏ తీర్థమో ఉందనుకున్నాడు పాపం. అందులో ఉన్నవి నాచారం బావి నీళ్ళు.

ఆ నీళ్ళు ఎందుకు మోసుకుపోతున్నామో చెప్పాలి. మేం పోతున్నది పిల్లను చూడటానికి. పెళ్ళికొడుకును నేనే. మా అమ్మకు వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చిన కట్టుబాటు ఒకటుంది. సంబంధం ఖాయమయ్యేదాకా పిల్ల తరఫువాళ్ళ నీళ్ళు ముట్టకూడదు. ముట్టామంటే ఒప్పుకున్నట్టే. నోటితో అవునని చెప్పి రేపు కాదనొచ్చుగానీ, నీళ్ళు తాగి కాదంటే ఆ ఇంటిని అవమానించినట్టు. అందుకని పోను రాను సరిపడా నీళ్ళు వెంట తెచ్చుకుంది. రైలు స్టేషన్లలో కుళాయిలుంటాయని చెప్పాను. ఎవరి కుళాయో ఎవరికి ఎరుక అంది.

రాష్ట్రం ఒక్కటై అప్పటికి పదేళ్ళు కాలేదు. నాచారంలో అప్పుడప్పుడే షెడ్లు లేస్తున్నాయి, కంకర రోడ్డు పడుతోంది. నేను ఉప్పల్‌లో ఒక సర్కారు ఆఫీసులో మ్యాపులు గీసే పని చేసేవాణ్ణి. నా పక్క బల్ల దగ్గర కూర్చునే మిత్రుడిది గోదావరి మధ్యలో ఉన్న లంక ఊరు. ఆయన భార్య పురిట్లో ఉన్నప్పుడు ఆయన చెల్లెలు వచ్చి నాచారంలోనే వాళ్ళింట్లో రెండు నెలలుండి వెళ్ళింది. అన్నకు అన్నం క్యారియరు ఇవ్వడానికి ఆఫీసు గేటు దాకా వచ్చేది. ఆమె నాతో మాట్లాడింది మొత్తం కలిపి నాలుగైదు మాటలు. వాటిలో ఒకటి, మీ నీళ్ళు ఉప్పగా ఉంటాయేంటండీ అని. నాకు ఆ అడిగిన తీరు ఎంత నచ్చిందంటే, ఇంటికొచ్చి నవ్వుకుంటూ మా అమ్మకు చెప్పాను. నా బతుకులో చేసిన పొరపాట్లన్నీ ఒక వరుసలో పెడితే అది ముందు నిలబడుతుంది.

మా నాన్న పోయినప్పుడు నేను నాలుగో తరగతి. ఆ ఏడాది నుంచి మా అమ్మ మంచినీళ్ళు మోసింది. నాచారం ఊరి బయటి బావి నుంచి, కొత్తగా వచ్చిన ఉద్యోగస్తుల ఇళ్ళకు, తల మీద ఒకటి చంకలో ఒకటి, రోజుకు పది పన్నెండు తిరుగుళ్ళు. చుట్టబట్ట పెట్టి పెట్టి నడినెత్తిన వెంట్రుకలు పలచబడిపోయాయి. నా చదువు, నా ఉద్యోగం, నా తెల్లచొక్కా అన్నీ ఆ బిందెల్లోంచి వచ్చినవే. ఆ నీళ్ళకు వంక పెట్టిందట ఎక్కడి పిల్లో, ఆ పిల్లనే చేసుకుంటానంటున్నాడట కొడుకు. ఆ మాట విన్న మర్నాడు మా అమ్మ అన్నం వడ్డిస్తూ అంది.

"నీళ్లల్ల పుట్టిన పిల్ల. మన ఇంట్ల రెండు బిందెలతోని దినం ఎళ్లదీస్తదా? నా నీళ్లను ఉప్పయి అన్న నోరు రేపు నన్ను గూడ అంటది."

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ నా ముఖం చూసి జాలిపడ్డదో ఏమో, శ్రావణం రాగానే పోయి చూసొస్తానంది. చూసినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని పదిసార్లు చెప్పింది.

రాజమండ్రి దాటి ఒక చిన్న స్టేషన్లో దిగమని మిత్రుడు చెప్పి పంపాడు. వాళ్ళ నాన్న అరటిగెలలు వేసుకుని కాలువ మీద అక్కడికి వస్తాడట. గెలలు దించాక ఖాళీ పడవ తిరిగి లంకకే పోతుంది, హాయిగా కూర్చుని రావచ్చట. రాజమండ్రిలో దిగితే వరద కాలం కాబట్టి రేవులో పడవ కోసం కాచుకోవాలన్నాడు. సరేనన్నాను. పడవ పిల్ల తండ్రిదని, అంటే మా అమ్మ లెక్కన అది కూడా పిల్లవాళ్ళ ఇల్లేనని నాకప్పుడు తట్టలేదు.

పిల్ల తండ్రి కాలువ గట్టు మీద మా కోసం నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి, ఎండకు నల్లబడ్డ మనిషి, తలకు తువ్వాలు. మమ్మల్ని చూడగానే తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. పడవ సన్నగా, బారుగా ఉంది. మధ్యలో తాటాకు గూడు, లోపల కొత్త చాప. ఓ మూల మూత పెట్టిన నీళ్ళకుండ, దాని మీద తళతళలాడే ఇత్తడి గ్లాసు. ఎక్కగానే ఆయన చేసిన మొదటి పని ఆ గ్లాసులో నీళ్ళు ముంచి మా అమ్మ ముందు పెట్టడం. మా అమ్మ వద్దన్నట్టు చేయి ఊపి తన కూజా ఎత్తి చూపించింది. ఆయన గ్లాసు నాకిచ్చాడు. నేను తాగేశాను. మా అమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పెళ్ళికొడుకు తాగితే లెక్కలోకి రాదని తర్వాత నెమ్మదిగా తేల్చింది.

అప్పుడు ఆ కాలువల్లో ఇంజన్లు తక్కువ. ఏటికి ఎదురు పోవాలంటే మనుషులు లాగాల్సిందే. ఇద్దరు కూలీలు భుజానికి మోకు వేసుకుని గట్టు మీద ముందుకు వంగి నడుస్తుంటే, పడవ వాళ్ళ వెనక మెత్తగా కదిలింది. పిల్ల తండ్రి వెనక నిలబడి చుక్కాని పట్టాడు. రెండు పక్కలా కొబ్బరిచెట్లు, వాటి వెనక నాట్లు వేసిన పొలాలు. నీళ్ళు గట్టును ఒరుసుకుంటూ పోయే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. నాచారం నుంచి ఉప్పల్‌కు బస్సులో వేలాడే మనిషికి అలాంటి ప్రయాణం ఒకటుందని తెలియడమే భోగం.

మా అమ్మకు మాత్రం ఆ భోగం పది నిమిషాలే. మోకు లాగే వాళ్ళ వీపుల మీద చెమట చూసి కదిలిపోయింది. మనుషులు గుంజుతుంటే మనం కూర్చునిపోవడమేమిటి, పడవ ఆపమంది. పిల్ల తండ్రి ఎంత చెప్పినా వినలేదు. చెప్పులు విడిచి, కూజా చంకన పెట్టుకుని గట్టెక్కి ఆ ఇద్దరి వెనకే నడిచింది. ఒక గంట నడిచింది. పెళ్ళిచూపులకు వచ్చిన వియ్యపురాలు కూలీల వెనక నడుస్తుంటే, వంతెనల మీద జనం ఆగి చూస్తుంటే, ఆ పెద్దమనిషి చుక్కాని పట్టుకుని తల దించుకున్నాడు. నాకు ఒకవైపు సిగ్గు, ఒకవైపు నవ్వు. తిరిగి ఎక్కినప్పుడు ఆమె ముఖం ఎర్రబడి ఉంది. ఆయన మళ్ళీ గ్లాసు ముంచాడు. ఆమె మళ్ళీ చేయి ఊపి, కూజాలోంచి రెండు గుక్కలు లెక్కగా తాగింది.

ధవళేశ్వరం లాకుల దగ్గరికి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. కాలువ కింద ఉంటుంది, గోదావరి పైన ఉంటుంది. పడవ ఒక రాతి గోడల గదిలోకి పోయింది, వెనక తలుపులు మూశారు. ముందు తలుపుల్లోంచి నది నీళ్ళు వదిలారు. ఎర్రటి నీళ్ళు బుసబుసలాడుతూ వచ్చి పడవను కిందనుంచి ఎత్తడం మొదలుపెట్టాయి. మా అమ్మ రెండు చేతులతో గూడు వాసాన్ని పట్టుకుంది. జీవితమంతా నీళ్ళను తాను పైకి ఎత్తిన మనిషి, నీళ్ళు తనను పైకి ఎత్తుతుంటే బిత్తరపోయింది. భయపడి వాసం పట్టుకోవడంలో కూజాను వదిలేసింది. పడవ గోడకు ఒక్కసారి ఒరుసుకుని ఊగింది. కూజా పక్కకు దొర్లి, మెడ దగ్గర విరిగింది.

నాచారం నీళ్ళు పడవ అడుగు చెక్కల మధ్యకు పారిపోయాయి. పిల్ల తండ్రి అయ్యయ్యో అంటూ వచ్చి, పడవ అడుగున చేరిన నీళ్ళతో పాటు వాటినీ డబ్బాతో తోడి బయటికి పోశాడు. మా అమ్మ ప్రతి డబ్బానూ చూసింది. పెంకులు ఏరి కొంగులో కట్టుకుంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. కూజా పోయినందుకు కాదు. ఇక ఈమె దాహంతో ఉంటుంది, ఆ దాహంలో మనసు ఇంకా గట్టిపడుతుంది, నా సంబంధం ఇక్కడే మునిగిపోతుంది అనిపించింది.

లాకు తలుపులు తెరిచేలోగా ఆయన మూడోసారి గ్లాసు పట్టుకొచ్చాడు. ఈసారి మా అమ్మ చేయి కూడా ఊపలేదు, ముఖం తిప్పుకుంది. ఆయన నీళ్ళు తిరిగి కుండలో పోసి, నన్ను పడవ చివరికి పిలిచాడు.

"మా నీళ్ళల్లో ఏటన్నా దోషం ఉందాండీ? తెలియక ఏ తప్పన్నా చేసుంటే చెప్పండి బాబూ, దిద్దుకుంటాం."

ముందే చెప్పకపోవడం నాదే తప్పు. కట్టుబాటు సంగతి చెప్పాను. ఉప్పునీళ్ళ సంగతి మాత్రం మింగేశాను. ఆయన విన్నాడు, తలాడించాడు. పోయి కుండ మీద మూత పెట్టి, గ్లాసు దాని మీద బోర్లించాడు. ఆ తర్వాత ఆయన మా అమ్మకు నీళ్ళివ్వలేదు. తానూ తాగలేదు. అంత ఎండలో, అంత కష్టం చేస్తూ, ఆ కుండలోంచి ఒక్క గుక్క కూడా తీసుకోలేదు. మోకు లాగే వాళ్ళకు మాత్రం పడవను గట్టుకు ఆనించి నీళ్ళు పోసి వచ్చేవాడు. నేను ఇది కాస్త ఆలస్యంగా గమనించాను.

లాకు దాటి నదిలోకి వచ్చాం. దాన్ని ఎలా చెప్పాలో నాకు తెలియదు. మ్యాపులో గోదావరిని నేను ఎన్నోసార్లు గీశాను, రెండు నీలం గీతలు, మధ్యలో చుక్కలు. పొద్దున్నుంచి చేయి చాపితే అందే గట్లు రెండూ ఉన్నట్టుండి లేకుండా పోయాయి. ఎదురుగా ఎర్రటి నీళ్ళు, దూరంగా పచ్చటి చారలా లంక, దాని వెనక మళ్ళీ నీళ్ళు. మా అమ్మ గూడులోంచి బయటికొచ్చి నిలబడింది. అప్పటిదాకా వాసం వదలని మనిషి, చేతులు వదిలేసి చూసింది. కొంగు తల మీంచి జారిపోయినా సర్దుకోలేదు. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుంది. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

లంక ఎదురుగా కనిపిస్తున్నా పడవ అటు పోలేదు. ఒడ్డు వెంబడే ఎగువకు లాక్కుపోయారు, లంకను దాటి ఇంకా పైకి. మనం పోవలసిన ఊరు అక్కడుంటే ఈయన ఇటు పోతున్నాడేమిటని మా అమ్మ నన్నడిగింది. నాకూ తెలియదు. పిల్ల తండ్రి విని, వరద నీటిలో నేరుగా కోస్తే ప్రవాహం ఆనకట్ట మీదికి ఈడ్చేస్తుందని, ముందు పైకి పోయి అక్కణ్ణుంచి వదిలితే ఏరే తీసుకుపోయి లంకలో దింపుతుందని చెప్పాడు. మా అమ్మ ఊఁ కొట్టింది. ఆ ఊఁలో ఆయన పనితనాన్ని మెచ్చుకోవడం ఉందని నాకనిపించింది, అయినా ఆశ పడలేదు.

మోకు విప్పి కూలీలిద్దరూ పడవలోకి వచ్చేశారు. తెరచాప ఎత్తారు. గాలి పట్టుకుంది, పడవ ఒక పక్కకు కొంచెం ఒరిగి నది మధ్యకు సాగింది. మా అమ్మ పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయి. అంచు మీంచి వంగి దోసిలితో నీళ్ళు ముంచింది. గోదావరి నీళ్ళు ఎవరివీ కావు కదా, తాగేస్తుంది, గండం గడిచిందనుకున్నాను. దోసిట్లో ఎర్రమట్టి తిరుగుతోంది. అలా పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. నీళ్ళన్నీ వేళ్ళ మధ్యనుంచి కారిపోయాయి, అరచేతిలో బురద మిగిలింది.

అప్పుడు ఆమె చూపు పిల్ల తండ్రి మీద పడింది. ఆయన నాలుకతో పెదవులు తడుపుకుంటున్నాడు.

"గాయన పొద్దటి సంది తాగుతలేడేంది?" అంది మెల్లగా.

నువ్వు తాగడం లేదని, అన్నాను. మా అమ్మ మళ్ళీ నది వైపు తిరిగి కూర్చుంది.

లంక రేవులో దిగేసరికి మూడు గంటలు దాటింది. ఇల్లు రేవుకు దగ్గరే, అరటితోట అంచున. పెంకుటిల్లు, ఎత్తైన అరుగు. పిల్ల తల్లి ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది, అవి కడుక్కోవడానికి కాబట్టి పరవాలేదు. నన్ను అరుగు మీద ఒక పక్కన కూర్చోబెట్టారు. వరండాలో పిల్ల వంగి ఏదో చేస్తోంది. ఆమెను చూడటానికే మూడు వందల మైళ్ళు వచ్చానుగానీ, నా కళ్ళు మా అమ్మ మీదే ఉన్నాయి.

మా అమ్మ నేరుగా పోయి ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఆ పిల్ల ముందు రెండు పెద్ద కుండలు, నిండా ఎర్రనీళ్ళు. చేతిలో చింతపిక్కంత గింజ ఒకటి. దాన్ని కుండ లోపలి అంచుకు గుండ్రంగా అరగదీస్తోంది. ఇండుప గింజ అట, అరగదీసి వదిలేస్తే బురద అడుగుకు దిగి నీళ్ళు తేరుకుంటాయట. వరద కాలమంతా పొద్దున, మధ్యాహ్నం ఇదే పనట. పిల్ల తండ్రి లోపలికి వస్తూనే అలవాటు కొద్దీ, అమ్మగారికి మంచినీళ్ళియ్యమన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు. పిల్ల తలెత్తకుండానే జవాబిచ్చింది.

"ఇంకా తేరలేదు నాన్నా. పొద్దుటి కుండ అయిపోయింది. అరగంట ఆగాలి."

పొద్దున్నుంచి వద్దు వద్దన్న మనిషికి ఇప్పుడు లేదు పొమ్మన్నారు. మా అమ్మ ముఖంలో నవ్వు లాంటిది కదిలింది. ఆ ఇంట్లో అందరూ ఆ కుండల వైపు చూస్తూ కూర్చున్నాం. ఎవరూ వాటిని కదపలేదు. పిల్లలెవరో దడదడా పరిగెత్తబోతే పిల్ల తల్లి వేలు చూపి ఆపింది. కాసేపటికి మా అమ్మ అడగనే అడిగింది, నేను భయపడుతున్న మాట.

"మా నీళ్లు ఉప్పగున్నయన్నవట?"

నేను అరుగు మీద చచ్చిపోయాను. పిల్ల చేతిలోని గింజ పక్కన పెట్టింది. నా వైపు ఒక్కసారి చూసింది, ఆ చూపులో కోపమే ఎక్కువ.

"ఉప్పగానే ఉన్నాయండీ. కానీ ఎంత తేటగా ఉన్నాయో. బిందె దింపిన వెంటనే తాగేయొచ్చు, అడుగున చేయి కనపడుద్ది. అలాంటి నీళ్ళు ఏడాది పొడుగునా తాగుతారా అని అడుగుదామనుకున్నాను, ఈయన వినకుండా నవ్వుకుంటూ వెళ్ళిపోయారు."

నిజమే, సగం మాట విని వచ్చేశాను. అసలు సగం అక్కడే వదిలేశాను. మా అమ్మ నా వైపు తిరగలేదు. అప్పుడామె ఏ బిందెలు తలుచుకుందో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు మోసిన నీళ్ళను తేటగా ఉన్నాయని అన్న మొదటి మనిషి ఆ పిల్ల. మా ఇంట్లో మేమెవరమూ, నేను కూడా, ఆ మాట అనలేదు.

కుండ తేరింది. పిల్ల బురద లేవకుండా పైపైన, చేయి వణకకుండా చెంబుతో ముంచింది. ఖాళీ అయిన పొద్దుటి కుండలోని మడ్డి పారబోయలేదు, పక్కనున్న కరివేపాకు మొక్క మొదట్లో పోసింది. మా అమ్మ ఆ చేతినే చూస్తోంది. గ్లాసు నిండింది. పిల్ల దాన్ని మా అమ్మ ముందు పెట్టి, ఇవ్వాలో వద్దో తెలియక వాళ్ళ నాన్న ముఖంలోకి చూసింది. ఆయన గుమ్మం దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు.

మా అమ్మ గ్లాసు ఎత్తింది. అంచు కరిచి పట్టి, గడగడా, గొంతులో చప్పుడు వినపడేలా మొత్తం తాగేసింది. ఖాళీ గ్లాసు పిల్లకిచ్చి ఇంకోసారి ముంచమంది. నిండాక ఆ గ్లాసును తానే తీసుకుని లేచి గుమ్మం దాకా నడిచింది. పొద్దున్నుంచి గాయన, గాయన అన్న మనిషి, ఆయన ముందు నిలబడి గ్లాసు చాపింది.

"ఇగ నువ్వు గూడ తాగు, అన్నా."